వీథి దాటుటకు చోటు ఏది?



ఈ శీర్షికయందు మనము ఇంతవఱకు వంటయింటి సంగతులును, పిల్లల పెంపకమును, పొదుపును గుఱించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున గడప దాటి వీథిలోనికి పోవుదము. వీథి మనకు పరాయిది గాదు. కూరలంగడి, పిల్లల బడి, దేవాలయము, వైద్యశాల, పుట్టింటికి పోవు బస్సు, ఇవి యన్నియు తఱచుగా వీథికి ఆవలి ప్రక్కననే యుండును. దినమునకు రెండు మాఱులు దాటక గడవని ఇల్లాలు పట్టణమున లేదు. కావున ఎచ్చట దాటవలెనను ప్రశ్న గృహనిర్వహణములో ఒక భాగమే యని నా యభిప్రాయము.

మా నివాసము హైదరాబాదు తూర్పు భాగమున, దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బి. నగర్‌కును నడుమ నున్నది. నడచువారును, సైకిళ్లపై పోవువారును నిర్భయముగ ప్రధానరహదారిని దాటుటకు ఒక చోటు ఏర్పఱుపుడని నగరపాలక సంస్థవారికి అర్జీ నీయవలెనని మా పేట స్త్రీలు కొందఱు తలపెట్టిరి. కావలెననుటలో అందఱిది ఒకే మాట. ఎచ్చట అనుటలో మాత్రము నాలుగు మాటలు వచ్చినవి. ఒకామె తన సందు మొగయందే యుండవలెననెను. ఒకామె మెట్రో స్టేషను మెట్ల క్రిందనే మేలనెను. అంగళ్ల యెదుట వలదని కొందఱు, అంగళ్ల యెదుటనే కావలెనని కొందఱు. చోటు తప్పినచో దాటుచోటు ఉండియు లేనట్లే. తెల్లగీతలు ఒకచోట, దాటు జనము మఱియొకచోట నుండుట మన పట్టణములలో క్రొత్త గాదు. అందుచేత ఈ విషయమును కొంచెము శ్రద్ధగా విచారింతము.

ముందుగా ఆ రహదారి స్వరూపము. ఇది పూనా నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణమునకు పోవు 65వ సంఖ్య జాతీయరహదారి. పూర్వము దీనిని 9వ సంఖ్యతో పిలుచుచుండిరి. మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ అను ఐదు మెట్రో స్టేషనులు దీనిపై వరుసగా నున్నవి. అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వఱకు మెట్రో బండి 2018 సెప్టెంబరు 24వ తేదీన నడువ నారంభించినది. దాని స్తంభములు రహదారి నడిమిగట్టుపై వరుసగా నిలిచియున్నవి. ఎల్.బి. నగర్ కూడలియందు పైవంతెనలును, క్రిందిదారులును కట్టబడినవి. వానిలో కుడివైపు పైవంతెన 2023 మార్చి నెలలో తెఱువబడినది. వీనివలన దూరప్రయాణపు వాహనములకు ఆగు బాధ తప్పినది. కాని వాహనము లాగినప్పుడే గదా నడచువానికి సందు దొరకునది! ఎఱ్ఱదీపము పడునప్పుడు దొరకు ఆ కొంచెము తెఱపియు కొన్నిచోట్ల లేకపోయినది. దారి బాగుపడుటయు, దాటుట కష్టమగుటయు ఒక్కసారిగనే జరిగినవి.

ఇక చోటు నెన్నుకొను విధము. మొదటి సూత్రము: జనము ఇప్పటికే ఎచ్చట దాటుచున్నారో చూడవలెను. ఇంజనీరులు పటముపై గీత గీయకముందే కాళ్లు నేలపై గీత గీసియుండును. నడిమిగట్టున గడ్డి చచ్చిన తావు, ఇనుపకంచెలో ఒక ఊచ వంగిన తావు, ఆటోలవారు వేచియుండు తావు, ఇవి జనము ఎన్నుకొన్న చోటులు. వారు మూఢులై అచ్చట దాటుటలేదు. ఇంటికిని పనికిని నడుమ దగ్గఱి త్రోవ అదియే. ఆ చోటునకు నూఱు మీటర్ల దూరమున గీతలు వేసి, ఇచ్చటికి వచ్చి దాటుడనిన, చేత సంచియు చంకను బిడ్డయు గల తల్లి వినదు. వినలేదు.

రెండవది లెక్క. భారతీయ రహదారుల కాంగ్రెసువారు 1988లో ప్రకటించిన పాదచారుల నియమావళియందు ఒక సులభమైన గణితము కలదు. రద్దీవేళ గంటకు ఎందఱు దాటుదురో ఆ సంఖ్యను, గంటకు ఎన్ని వాహనములు పోవునో ఆ సంఖ్య యొక్క వర్గముచేత గుణింపవలెను. నడిమిగట్టు గల రహదారిపై ఆ లబ్ధము 20 కోట్లకు మించినచో అచ్చట దాటుచోటు అవసరమని నిర్ణయము. గట్టు లేని దారికి 10 కోట్లు చాలును. ఉదాహరణమునకు గంటకు 3,000 వాహనములు పోవుచున్నవనుకొందము. 3,000 వర్గము 90 లక్షలు. దానిని 25 చేత గుణించిన 22 కోట్ల 50 లక్షలు. అనగా అంత రద్దీగల దారిపై గంటకు 25 మంది దాటుచున్నను చాలును, అచ్చట దాటుచోటు అడుగుటకు మనకు ఆధారము కలదు. "నలుగురి కోసము గీతలు వేయుదుమా?" అని ఎవరైన ననినచో ఈ లెక్కను చూపవచ్చును. లెక్క కట్టుటకు పెద్ద చదువు అక్కఱలేదు. ఉదయము బడివేళను, సాయంకాలము దీపము పెట్టువేళను ఇద్దఱు స్త్రీలు మేడపై కూర్చుండి, ఒకరు మనుష్యులను, ఒకరు బండ్లను గీతలు పెట్టి లెక్కించిన చాలును. సైకిళ్లకును, చేతికఱ్ఱతో నడచువారికిని వేఱు గడులు ఉంచుట మఱవవలదు.

మూడవది చూపు. దాటువానికి బండి కనబడవలెను, బండివానికి దాటువాడు కనబడవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్క సెకనులో 14 మీటర్లు పోవును. తోలువాడు చూచి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టును. నొక్కిన పిదప నిలుచుటకు ఇంచుమించు మఱి 14 మీటర్లు. మొత్తము 28 మీటర్లు. అదే బండి 30 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో 14 మీటర్లలోపుననే నిలుచును. ఇప్పుడు నడచువాని సంగతి. ఒక వైపు మూడు వరుసల దారి పది మీటర్లన్నర యనుకొందము. ఇంజనీరులు లెక్కకు తీసికొను నడక సెకనుకు 1.2 మీటర్లు, ఆ నడకతో 9 సెకనులు పట్టును. మోకాళ్ల నొప్పులుగల వృద్ధురాలు సెకనుకు 0.8 మీటరు నడచినచో 13 సెకనులు కావలెను. ఆ 13 సెకనులలో బండి 180 మీటర్లు వచ్చును. అనగా ఆమె కాలు దింపునప్పటికి కనుచూపు మేర 180 మీటర్లు ఖాళీగ నుండవలెను. ఈ రహదారిపై పగటివేళ అంత ఖాళీ దొరకుట కలలోని మాట. కావుననే వట్టి గీతలు చాలవు. నొక్కిన ఎఱ్ఱగ వెలుగు దీపము గాని, వేగము తగ్గించునట్లు ఎత్తుచేసిన గీతల వేదిక గాని కావలెను.

చూపునకు అడ్డు వచ్చునవి ఏవి? మా రహదారిపై మొదటివి మెట్రో స్తంభములే. లావైన స్తంభము చాటున నిలిచిన పిల్లవాడు ఒక్కసారి ముందునకు దూకినచో తోలువానికి కనబడడు. కావున దాటుచోటు రెండు స్తంభముల నడిమి ఖాళీలో, బండ్లు వచ్చు దిక్కున స్తంభమునకు దూరముగ నుండవలెను. రెండవ అడ్డు నిలిచిన బస్సు. బస్సు దిగినవారు దాని ముందునుండి దాటబోవుదురు. ప్రక్కవరుసలో వచ్చు మోటారుసైకిలు వారికి కనబడదు. అందుచేత గీతలు బస్సు నిలుచు చోటునకు వెనుకవైపున నుండుట మేలు. మూడవది పైవంతెన దిగు చోటు. దిగుచు వచ్చు బండి వేగముతో వచ్చును. దాని పాదమున దాటుచోటు కోరుట ప్రమాదమును కోరుటయే. నాలుగవది బండ్లు వెనుకకు తిరుగు సందు. తిరుగువాడు ఎదుటి బండ్లనే చూచును గాని కాలినడకవారిని చూడడు.

నాలుగవ సూత్రము నడుమ విశ్రాంతి. రెండు వైపులను ఒక్క ఊపున దాటవలెననిన 21 మీటర్లు. వృద్ధురాలికి 26 సెకనులు. నడిమిగట్టుపై నిలుచుటకు చోటున్నచో ఆ కష్టము రెండు పాళ్లగును. సైకిలు పొడవు రమారమి రెండు మీటర్లు గనుక, గట్టుమీది నిలుకడ చోటు రెండు మీటర్లకు తక్కువ లోతుండరాదు. లేనిచో ముందుచక్రము ఒక బాటలోను, వెనుకచక్రము ఒక బాటలోను ఉండిపోవును. మెట్రో స్తంభముల మూలమున మా గట్టు కొన్నిచోట్ల వెడల్పుగనే యున్నది. ఆ చోటులను ఎన్నుకొనవలెను. గట్టు నంచులు నేలకు సమముగ దిగియుండవలెను. జానెడెత్తు గట్టు పిల్లల బండికిని, సైకిలునకును గోడతో సమానము.

వానకాలమును మఱవరాదు. 2020 అక్టోబరు వఱదలలో సరూర్‌నగర్ చెఱువు చుట్టునున్న పల్లపు కాలనీలు మునిగిన సంగతి మీకు తెలియును. వానకు మోకాలిలోతు నీరు నిలుచు తావున గీతలు మునిగిపోవును. గుంటయు కాలువమూతయు కానరావు. చోటు నిర్ణయించువారు ఒకసారి వానలో పోయి చూడవలెను. రాత్రి ఒకసారి పోయి దీపపు వెలుతురును చూడవలెను.

ఇచ్చట కొందఱు విజ్ఞులు ఒక ప్రశ్న వేయుదురు. "మెట్రో స్టేషనులు ఉన్నవి గదా, మెట్లెక్కి అవతల దిగిన పోలేదా?" టిక్కెట్టు లేనివారును స్టేషను మొదటి అంతస్తు మీదుగా ఆవలికి పోవచ్చుననుట నిజమే. స్టేషను ప్రక్కనున్నవారికి అది గొప్ప మేలు. లిఫ్టు ఉండుటచేత వృద్ధులకును ఉపయోగమే. నే నట్టివారిని తప్పక దానినే వాడుకొమ్మందును. కాని మియాపూరు నుండి ఎల్.బి. నగర్ వఱకు 29 కిలోమీటర్లలో 27 స్టేషనులు. అనగా స్టేషనునకును స్టేషనునకును నడుమ ఒక కిలోమీటరునకు పైచిలుకు. నట్టనడుమ నివసించునామె అర కిలోమీటరు పోయి, ఎక్కి దిగి, అర కిలోమీటరు వెనుకకు రావలెను. నడకకే పదునాలుగు నిమిషములు. ఎదుటనున్న కూరలబండి కొఱకు అంత దూర మెవరును పోరు. సైకిలును భుజమున వేసికొని మెట్లెక్కుట అంతకన్న అసాధ్యము. రాత్రి మెట్రో నిలిచిన పిదప తలుపులు మూయబడును.

ప్రత్యేకముగ పాదచారుల వంతెన కట్టిన నేమందురా? లారీలు క్రింద పోవుటకు కనీసము అయిదున్నర మీటర్ల ఎత్తుండవలెను. ఆఱంగుళముల మెట్టు చొప్పున ఎక్కుటకు 37 మెట్లు, దిగుటకు మఱి 37. ఉప్పలు కూడలియందు 2023 జూను 26న తెఱచిన ఆకాశవంతెనకు లిఫ్టులును, కదలు మెట్లును అమర్చిరి. నాలుగు దిక్కుల రద్దీ గల పెద్ద కూడలికి అది తగినది. ఎల్.బి. నగర్ వలయరహదారి కూడలికిని అట్టిదే తగునని నా తలంపు. రెండు స్టేషనుల నడిమి సామాన్యపు బాటకు మాత్రము నేలమీది దాటుచోటే మేలు. రహదారుల కాంగ్రెసువారును 2012లో సవరించిన నియమావళియందు నేలమీది దాటుటకే మొదటి స్థానమిచ్చిరి.

సైకిలువారిని గుఱించి వేఱుగ చెప్పవలసియున్నది. నగరపు పడమట వలయరహదారి ప్రక్కన, సూర్యశక్తి పలకల నీడలో, 23 కిలోమీటర్ల సైకిలుబాట 2023 అక్టోబరు 1న తెఱువబడినది. సంతోషము. కాని మా తూర్పున సైకిలెక్కువాడు ఎక్కువగ పాలుపోయువాడు, పత్రికలు వేయు పిల్లవాడు, కావలివాడు, బడికిపోవు బాలిక. వీరికి వ్యాయామము కన్న ముందు ప్రాణముతో ఆవలి ప్రక్కకు చేరుట కావలెను. ఇంగ్లండులో నడచువారును సైకిలువారును కలిసి దాటు చోటులు వేఱుగ కలవు. వానిని టూకాన్ అను పక్షి పేరున పిలుతురు. ఇరువురును దాటవచ్చునను అర్థము ఆ పేరులో ఇమిడియున్నది. వెడల్పు గీతలు, సైకిలు గుర్తుగల పచ్చదీపము, అంతే దాని విశేషము. మనకును అసాధ్యము గాదు.

ఆ దేశమున సైతము ఇది ఒక్కనాట వచ్చినది గాదు. 1896 ఆగస్టులో లండనునందు బ్రిడ్జెట్ డ్రిస్కల్ అను నామె మోటారుబండి తగిలి మరణించెను. ఆ దేశమున మోటారుబండి వలన మరణించిన మొదటి పాదచారి ఒక గృహిణి యని మనము జ్ఞాపకముంచుకొనవలెను. 1934లో దాటుచోటులకు పసుపుపచ్చని దీపగోళములు పెట్టిరి. నలుపుతెలుపు చారలు 1951లో నిలుకడగ వచ్చినవి. మన దేశమున 2022 సంవత్సరములో రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, వారిలో 32,825 మంది కాలినడకన పోవుచుండినవారే యని కేంద్ర ప్రభుత్వపు లెక్క. దినమునకు రమారమి తొంబదిమంది. వీరిలో బండి నడిపి తప్పుచేసినవా డొక్కడును లేడు.

దారి యెవరిదను ప్రశ్న మన పెద్దలకు క్రొత్త గాదు. భారతమున అరణ్యపర్వమందు అష్టావక్రుడు జనకుని యజ్ఞమునకు పోవుచు బాటలో రాజునకు ఎదురగును. బాలుడు, ఎనిమిది వంకరల శరీరము గలవాడు. తొలగుమనిన తొలగక, దారి మొదట గ్రుడ్డివానిది, చెవిటివానిది, స్త్రీది, బరువు మోయువానిది, రాజు వంతు ఆ తరువాత వచ్చునను ధర్మమును చెప్పెను. జనకుడు కోపింపక దారి విడిచెను. ఆ బాలుడు చెప్పిన వరుసను మన రహదారిపై ఒకసారి సరిచూడుడు. ఎవరు ముందు పోవుచున్నారు? ఎవరు గట్టున నిలిచియున్నారు? 2025 మే నెలలో మన సుప్రీంకోర్టువారును కాలిబాట పౌరుని జీవించు హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రములు తగిన నియమములు చేయవలెనని ఆజ్ఞాపించిరి. పురాణమును, రాజ్యాంగమును ఒకే మాట చెప్పునప్పుడు మనము అడుగుటకు సంకోచమేల?

ఇప్పుడు అసలు చిక్కు. మా సంఘమున రెండు చోటులు మిగిలినవి. ఒకటి అంగళ్ల యెదుట. అచ్చట దాటువారు మెండు. రెండవది కొంతదూరమున, ఒక చిన్నబడికిని గుడికిని పోవు సందు మొగయందు. అచ్చట దాటువారు తక్కువ. లెక్కప్రకారము మొదటిదే గెలుచును. కొందఱు అంతటితో నిర్ణయింప బోయిరి. అప్పుడు మా పొరుగింటి పెద్దామె, అంతవఱకు మాటాడక తమలపాకులు తుడుచుకొనుచున్నది, నా వంక తిరిగి, "అమ్మాయీ, నేను రోడ్డు దాటి ఆరు నెలలైంది. గుడి కనపడుతూనే ఉంది, వెళ్లలేకపోతున్నాను. దాటని నన్ను మీ లెక్కలో ఎట్లా వేస్తారు?" అని అడిగెను.

ఆ మాటకు ఎవరును బదులు చెప్పలేకపోయిరి. నిజముగ ఆలోచింపుడు. వీథిలో నిలిచి లెక్కించువారు దాటగలిగినవారినే లెక్కింతురు. భయపడి ఇంట కూర్చున్న వృద్ధులు, ఒంటిగ పంపవలదని తండ్రి ఆపిన బాలిక, సైకిలు కొనియు గోడకు ఆనించి యుంచిన పిల్లవాడు, వీరు ఆ లెక్కలోనికి రారు. ఎంత ప్రమాదకరమైన చోటో అంత తక్కువమంది దాటుదురు; తక్కువమంది దాటుటచేత అక్కఱ లేదని తేలును. ఈ విపరీతమును సరిదిద్దుటకు ఇల్లాండ్రకే సాధ్యము. కావున వీథిలో లెక్కతోబాటు ఇంటింటి లెక్కయు తీయవలెను. ప్రతి యింటను రెండే ప్రశ్నలు: మీ యింట ఎవరు దాటుట మానిరి? దాటగలిగినచో ఎచ్చటికి పోవుదురు? మా సంఘము వారట్లు అడిగి, రెండు చోటులను అర్జీలో వ్రాసి, బడియు గుడియు గల సందును మొదట ఉంచుటకు ఒప్పుకొనిరి. అంగళ్ల యెదుట జనము ఒకరినొకరు తోడుచేసికొని గుంపుగ దాటుదురు. గుంపును చూచి బండియు నిలుచును. ఒంటిగ దాటువారికే ముందు రక్షణ కావలెనని నాకును తోచినది.

ఎదుటివారి మాటయు వినవలెను. గీతలు పడిన చోట బండి నిలుపరాదు గనుక తమ బేరము తగ్గునని అంగడివారు భయపడుదురు. వారితో ముందుగనే మాటాడుట మంచిది. దాటుచోటు నెదుటి అంగడికి ఆవలి ప్రక్క కొనుగోలుదార్లును వత్తురని చెప్పిన వినువారు వినుదురు. బస్సు ఆలస్యమగునని మఱికొందఱందురు. ఇరువది సెకనుల ఆలస్యము ఏ బస్సునకును చేటు గాదు.

అర్జీ వ్రాయు విధము క్లుప్తముగ చెప్పెదను. నగరపాలక సంస్థకును, ట్రాఫిక్ పోలీసులకును వేఱువేఱు ప్రతులు పంపవలెను. జాతీయరహదారి గనుక రహదారి అధికారులకును ఒక ప్రతి. సోమవారము జరుగు ప్రజావాణిలో స్వయముగ ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. చోటును మెట్రో స్తంభముల సంఖ్యతో గుర్తింపుడు. దానిని మించిన ఆనవాలు లేదు. రెండు లెక్కలును, చేతితో గీసిన పటమును, ఉదయము, రాత్రి, వానలో తీసిన చిత్రములును జతపఱుపుడు. కోరునది ఇంతే: ఎత్తుచేసిన గీతలు, గట్టున సమతలపు నిలుకడ, నొక్కుదీపము, సైకిలు గుర్తు, వెలుతురు. ఆఱువారములలో ప్రత్యుత్తరము రానిచో మరల పోవలెను.

కడపట మన యింటిలోని పని. ఆ రహదారిపై వేగముగ పోవు మోటారుసైకిళ్లలో కొన్ని మన కుమారులవి, మన మఱదులవి. తెల్లగీతల కడ నిలిచి, ఎదుటి ముసలమ్మను దాటనిచ్చుట వారికి మనము నేర్పవలసిన మర్యాద. అర్జీకి ఫలితము ఆలస్యముగ రావచ్చును. ఈ మర్యాదను మాత్రము రేపటి ఉదయమే మొదలుపెట్టవచ్చును.

మీ మీ ఊళ్లలో ఇట్టి చోటులను మీరెట్లు నిర్ణయించితిరో వ్రాసి పంపుడు. వచ్చు మాసమున వానిలో ఉపయోగకరమైనవానిని ఇచ్చటనే ముచ్చటించుకొందము.